పేరు వలదన్నవారి సంతకము

ఒక గ్రంథమునకు వెల వేరు, విలువ వేరు. వెల అంగడిలో తేలును. విలువ చదివినవాని బ్రదుకులో తేలును. ఈ రెండును సరిపోలకపోవుట లోకములో నిత్యము చూచుచున్నదే గనుక, దానిని గూర్చి ప్రత్యేకముగా చింతింపవలసిన పని సాధారణముగా ఉండదు. కాని, తన పేరు ముఖ్యము కాదని చెప్పి, ఆ మాటను ఒక వ్రతముగా స్వీకరించినవాడు వ్రాసిన గ్రంథమునకు, ఆయన చేవ్రాలు ఉన్నదను కారణముచేతనే వేల డాలర్లు పలుకుచున్నపుడు ఆలోచన తప్పనిసరి యగుచున్నది. అమెరికాలో మద్యవ్యసనపరులు తమకు తాముగా ఏర్పరచుకొనిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అను సంఘపు మూలగ్రంథము విషయములో ఈ ప్రశ్న పుట్టినది. 'అనానిమస్' అనగా పేరు వెల్లడింపనివారు అని అర్థము.

1935 మే నెలలో బిల్ విల్సన్ అను న్యూయార్కు షేర్ల వ్యాపారి ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు ఒక వ్యవహారము మీద పోయెను. ఆ వ్యవహారము చెడినది. చేతిలో సొమ్ము లేదు. తాగుడు మాని కొన్ని నెలలు మాత్రమే అయినది. హోటలు చావడిలో ఒంటరిగా నిలిచియుండగా, ఒక ప్రక్కనున్న మద్యశాల ఆయనను పిలుచుచున్నట్లే ఉండెను. ఆ ఘడియలో ఆయన అటు పోక టెలిఫోను వద్దకు పోయి, తనవంటి మరియొక తాగుబోతుతో మాటలాడుటకు వీలగునా యని విచారించెను. అట్లు దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. బిల్ ఆయనకు ఉపదేశము చేయబోయినవాడు కాడు. తాను మునిగిపోకుండుటకై ఎదుటివాని చేయి పట్టుకొనినవాడు. డాక్టర్ బాబ్ కడపటిసారి మద్యము ముట్టిన జూన్ 10వ తేదీని సంఘము తన జన్మదినముగా భావించుచున్నది.

నాలుగేండ్లకు, 1939 ఏప్రిల్‌లో, సంఘము పేరుతోనే గ్రంథము వెలువడెను. సిద్ధాంతభాగము చాలవరకు బిల్ వ్రాసినది. తక్కినవి బాగుపడినవారు పేర్లు చెప్పకుండ వ్రాసికొనిన స్వీయకథలు. ముఖపత్రముపై కర్త పేరు లేదు. వెల 3.50 డాలర్లు. ఆనాటికి అది చిన్న సొమ్ము కాదు గనుక, కొనువానికి తగిన వస్తువు దక్కినదను తృప్తి కలుగవలెనని మిక్కిలి దళసరి కాగితముపై అచ్చొత్తించిరి. 'పెద్ద పుస్తకము' అను వాడుకపేరు అందుచేతనే వచ్చినది. ఉపాయము మాత్రము పారలేదు. 5,000 లోపు ప్రతులు ముద్రింపగా, వాటిలో పెక్కు గిడ్డంగిలోనే పడియుండెను. 1941 మార్చిలో 'సాటర్డే ఈవినింగ్ పోస్ట్' పత్రికలో సంఘమును గూర్చిన వ్యాసము వచ్చిన పిదపగాని గిరాకి పెరుగలేదు. ఆనాడు అడిగినవారు లేని ఆ ఎర్రఅట్ట ప్రతులనే నేడు సంపన్నులు వెదకి వెదకి కొనుచున్నారు.

ఆ ప్రచురణకార్యములో బిల్‌కు కుడిభుజముగా నిలిచిన సభ్యుడొకడు అదే సంవత్సరము మరల తాగుడులో పడిపోయెను. ఇట్టివి కన్నులార చూచినవారికి, ఒక మనిషి పేరుమీద ఉద్యమమును నిలుపుట ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. 1950లో క్లీవ్‌లాండు మహాసభయందు ఆమోదము పొందిన 12 సంప్రదాయములలో చివరిది ఈ పేరులేమినే సంఘమునకు ఆధ్యాత్మికమైన పునాదిగా చెప్పుచున్నది. వ్యక్తికంటె నియమమే ముందని దాని తాత్పర్యము. 1954లో యేల్ విశ్వవిద్యాలయము గౌరవపట్టము నీయజూపగా బిల్ వలదనెను. 1950లో గతించిన డాక్టర్ బాబ్ సమాధిమీద గాని, 1971లో గతించిన బిల్ సమాధిమీద గాని సంఘము ప్రసక్తియే లేదు. తెలిసినవారు వచ్చి, తాము తాగుడు మానిన గుర్తుగా పొందిన బిళ్లలను అచట ఉంచి పోవుచుందురు.

ఇక అంగడి సంగతి. అచ్చునకు పంపిన మూలప్రతి, చేతిదిద్దుబాటులతో కూడినది, 2004లో వేలమునందు 15 లక్షల డాలర్లకు మించి పలికెను. 2017లో అది మరల వేలమునకు రాగా, సంఘపు ప్రచురణసంస్థ ఆ ప్రతి తమకు దానముగా ఈయబడినదని న్యాయస్థానమునకు ఎక్కెను; పిమ్మట ఆ వ్యాజ్యమును విడిచిపెట్టెను. 2018లో ఒక ఫుట్‌బాల్ జట్టు యజమాని దానిని సుమారు 24 లక్షల డాలర్లకు కొనెను. సొమ్ము, ఆస్తి, ప్రతిష్ఠ అను మూడును తమను దారి తప్పించునని తమ సంప్రదాయములలోనే వ్రాసికొనినవారు ఒక కాగితపు కట్టకొరకు దావా వేయవలసివచ్చుట విచారకరమే. అయినను దావా విడిచిపెట్టుటలో వారు తమ మాటకు దగ్గరగా వచ్చిరని తలచుట అన్యాయము కాదు.

మూలప్రతి ఒక్కటియే, సంతకము గల ప్రతులు పెక్కు. అసలు చిక్కు వీటితోనే. పేరు వలదన్నవాడు పుస్తకములపై ఏల సంతకము చేయవలెను? ఇది కపటము కాదా యని అడుగువారుందురు. కాదు. సంఘము నిషేధించినది పత్రికలలో, రేడియోలో, చలనచిత్రములలో పేరు చాటుకొనుటను. ఎదురుగా కూర్చున్న ఒక సభ్యునితో పేరు చెప్పుకొనుటను ఎన్నడును నిషేధింపలేదు. అది లేనిదే ఒకనిచేతిని మరియొకడు పట్టుకొనుట ఎట్లు? ఒకడు మొదటి ఏడు దాటినపుడు, ఆ పుస్తకపు మొదటిపుటపై రెండు ఆదరపు మాటలు వ్రాసి క్రింద పేరు వ్రాసియిచ్చుట ఇద్దరి నడుమ జరిగిన విషయము. ఆ సంతకము కీర్తికొరకు చేసినది కాదు, తోడుకొరకు చేసినది.

అదే పుట వేలపు పట్టికలో అచ్చుపడినపుడు దాని స్వభావము మారిపోవుచున్నది. ఇద్దరి నడుమ ఉండిన మాట పదివేలమంది కంటబడుచున్నది. బిల్ పేరు ఇప్పటికే జగద్విదితము. దానివలన క్రొత్తగా వచ్చు హాని అల్పము. కాని ఆ పుటపై రెండవపేరు ఒకటి ఉండును. ఎవరికి ఈయబడెనో వాని పేరు. వాడు తాగుబోతుగా ఉండెనను సంగతి ఇరుగుపొరుగువారికి, కొన్నిచోట్ల కన్నబిడ్డలకును తెలియకపోవచ్చును. ఆ రహస్యమును కాపాడుదుమని మాట యిచ్చి సంఘము వానిని లోనికి పిలిచినది. వాడు మరణించిన పిదప పుస్తకము అంగడికెక్కగా, కొనువాడు సంతకమును చూచి మురియుచున్నాడు. మాట తప్పినదని ఎవరును గమనించుటలేదు.

పెద్దల జ్ఞాపకచిహ్నములను గౌరవించుట దోషము కాదు. భరతుడు శ్రీరామ పాదుకలను శిరసావహించెను. అయితే ఆయన వాటిని సింహాసనముపై నుంచి, తాను నందిగ్రామమున జటావల్కలములతో పదునాలుగేండ్లు రాజ్యభారము మోసెను. పాదుకల మహిమ ఆయన నడవడిలో కనబడెను. తాగుడునుండి తప్పించుకొనినవాడు బిల్ సంతకమును కన్నులకద్దుకొని, ఆ సాయంకాలమే క్రొత్తగా వచ్చిన ఒకనికి తోడుగా పోయి కూర్చుండినచో, ఆ సంతకమును మూఢభక్తియని ఎవడు త్రోసిపుచ్చగలడు? పెట్టెలో దాచి ధర పెరుగుటకై ఎదురుచూచువానికి మాత్రము అది సిరాయే.

అమ్మువారినందరిని ఒకే త్రాటను కట్టి నిందించుటయు తగదు. తండ్రి తాగుడువలన సర్వస్వము పోగొట్టుకొని, తండ్రి మారిన పిదప మిగిలిన ఒక్క పుస్తకము చేతికి వచ్చిన కుటుంబము దానిని అమ్ముకొని అప్పు తీర్చుకొనిన యెడల, తప్పెన్నుటకు ఎవరికి నోరు వచ్చును? సభ్యుని మరణానంతరము కూడ పేరు వెల్లడించుట మంచిది కాదని సంఘములోని సామాన్యాభిప్రాయము. కాని కడపటి నిర్ణయము కుటుంబమువారిదేయని వారే చెప్పుచున్నారు. ఇది వివేకముతో కూడిన మాట. గీత ఎచట గీయవలెనో చూపి, గీయు చేతిని ఇంటివారికే విడిచినది.

మొదటి కూర్పు పాఠమునకు అమెరికాలో హక్కులు చెల్లిపోయినవి, ఎవరైనను అచ్చొత్తుకొనవచ్చును. వేలమునందు లక్షలు పోసినవానికి ఒక్క అక్షరమైనను అధికముగా దక్కదు. ఇచ్చినవాడును పుచ్చుకొనినవాడును ఒకనాడు ఒకే బల్లవద్ద కూర్చుండిరను సాక్ష్యము మాత్రమే దక్కును. ఆ సాక్ష్యమును అమ్మక తప్పనివారు, ప్రకటనలో ఆ పుట చిత్రమును వేయునపుడు, పుచ్చుకొనినవాని ఇంటిపేరు కప్పుటకు వ్రేలెడు కాగితపు ముక్క చాలును.