అభావమును కాపాడువాడు

తర్కశాస్త్రమునకు పూనుకొన్న విద్యార్థికి మొదట చేతికి వచ్చు పొత్తము, ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము. అందు పదార్థములు ఏడని చెప్పి, ద్రవ్యగుణకర్మాదులను వరుసగా కూర్చుండబెట్టి, తుదను అభావమునకు కూడ నొక పీట వేసినారు. లేనిదానికి పదార్థత్వ మేమని చదువుకొను నాళ్లలో నేనును నవ్వినవాడనే. ప్రజారోగ్యమును గూర్చి యోచించుట మొదలిడిన పిదప ఆ నవ్వు నిలువలేదు. మంచముచెంత కూర్చుండు వైద్యుడు పుట్టిన వ్యాధిని రూపుమాపును. అతని కృషిఫలము ప్రధ్వంసాభావము, దానికి సాక్షియు రోగియే, చేతులెత్తి మ్రొక్కువాడును రోగియే. ఊరి నీటిని, మురుగును, టీకాలను కనిపెట్టియుండు నధికారి కాపాడునదియో, ప్రాగభావము. అనగా ఇంకను పుట్టని వ్యాధియొక్క లేమి. కలరా రాని యేట, రాలేదు గదా యని వచ్చి నమస్కరించువా డొక్కడును ఉండడు. ఫలాపేక్షను విడువుమని గీతాచార్యుడు చెప్పిన మాట తక్కినవారికి సాధన, ఇతనికి ఉద్యోగధర్మము.

ఇట్టివానికి నాయకత్వము నేర్పుట యెట్లు? సభలో మాటాడుట, పథకము వ్రాయుట, పద్దు చూచుట శిక్షణాలయములందు నేర్పుదురు. అవి యక్కరలేదని నేననను. అయితే వానికి ముందు తీరవలసిన ప్రశ్న యొకటి కలదు: లేదన్నది నిజముగా లేదని యతడెట్లు తెలిసికొనును? భాట్టమీమాంసకులు ఇందుకై అనుపలబ్ధి యను ప్రమాణమును వేరుగా నంగీకరించిరి. అది ప్రత్యక్షమునకు తోడు మాత్రమే యని నైయాయికులు వాదించిరి. ఆ వివాద మటుండనిండు. ఉభయులకును సమ్మతమైన నియమ మొకటున్నది. ఉన్నచో కనబడి తీరవలసిన చోట వెదకియు కానకున్నప్పుడే లేదనవలెను. చీకటిగదిలో కుండ కానరాలేదని కుండ లేదనరాదు.

మశూచికమునే చూడుడు. మన పల్లెలలో అమ్మవారు పోసినదనియు, ఉత్తరాదిని శీతలాదేవి రాకయనియు చెప్పుకొనుచు, భయభక్తులచేత ఇంటివారు దానిని బయటపెట్టకుండుట వింత కాదు. అంతకంటె దట్టమైన చీకటి కచేరీలది. తన హద్దులో రోగము పొడచూపెనని వ్రాసిన యుద్యోగికి చీవాట్లే బహుమానమైనచోట, కాగితముమీద ఆరోగ్యము వర్ధిల్లుచునే యుండును. 1973 శరత్తులో మశూచిక నిర్మూలనోద్యమమువారు ఉత్తరప్రదేశ్, బీహారులలో ఇల్లిల్లు వెదకు పద్ధతి నారంభించి, పొక్కులు లేచిన శిశువు పటమును చేతబట్టి, ఇట్టి బిడ్డను మీ ఊర చూచితిరా యని యడుగుచు తిరుగగా, కొలది దినములలోనే సుమారు 10,000 కొత్త కేసులు బయటపడెను. రోగము హఠాత్తుగా పెరిగి కాదు; గదిలోనికి దీపము వచ్చినది.

దీపము తెచ్చినవానికి ముందుగా దక్కునది నింద. 1974 వేసవిలో బీహారున వారమునకు వేలకొలది కేసులు లెక్కకెక్కుచుండగా, ఇట్లు వెదకి, రోగమున్న చోటినే టీకాలతో చుట్టుముట్టు విధానమును విడిచి, అందరికిని టీకాలు వేయు పాతత్రోవకే మరలవలెనని రాష్ట్ర ఆరోగ్యమంత్రి తలపోసెను. ఆ మాట చెప్పిన సమావేశమున ఒక యువవైద్యుడు లేచి, మా ఊర ఒక ఇల్లంటుకొన్నచో అందరము ఆ యింటిమీదనే నీళ్లు పోయుదుము గాని ఊరిలోని ఇండ్లన్నిటిమీద పోయము గదా యని విన్నవించెనట. మంత్రి ఇంకొక నెల గడువిచ్చెను. ఈ ముచ్చటను వ్రాసిపెట్టినవాడు ఆ యుద్యమమున పనిచేసిన అమెరికా వైద్యుడు విలియం ఫేగీ. ఇందు నాయకు డెవడు? లేచి పలికిన చిన్నవాని ధైర్యమును అందరును మెచ్చుకొందురు, మెచ్చవలసినదే. నాకు మాత్రము మంత్రియందే యించుక యెక్కువ గౌరవము. చిన్నవాడు పోగొట్టుకొనగలది ఒక్క యుద్యోగము. మంత్రియో, ఆ నెల తప్పినచో, చచ్చినవారి లెక్క తన పేర వ్రాయబడునని యెరిగియు ఒప్పుకొనెను. మాటాడు విద్యకు పది పాఠములు పెట్టువారు వినుటకు ఒకటైన పెట్టుడని నా మనవి.

1975 మే తరువాత ఈ దేశమున మశూచికము కనబడలేదు. అయినను లేదనుటకు తొందరపడక, రోగిని చూపినవారికి 1,000 రూపాయలిత్తుమని చాటించి, మరల మరల ఇల్లిల్లు వెదకిరి. భారతదేశమున మశూచికము లేదని అంతర్జాతీయ సంఘము ధ్రువపరచినది 1977 ఏప్రిల్‌లో.