తావిచ్చిన ఊరు – చిప్పగిరి దాసులవారు

మహాత్ములకు పుట్టిన ఊరొకటి, పేరు నిలిచిన ఊరొకటి అగుట మన పుణ్యభూమిలో తఱచుగా కానవచ్చు విశేషము. శ్రీ రాఘవేంద్రతీర్థులవారు జన్మించినది తమిళదేశమందలి భువనగిరి. బృందావనస్థులైనది తుంగభద్రాతీరమునందలి మంచాల. శ్రీ విజయదాసులవారు జన్మించినది రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలోని చీకలపర్వి. భక్తలోకము వారిని స్మరించునది చిప్పగిరి పేరుతో. ఈ మంచాల, చిప్పగిరి రెండును మన కర్నూలు జిల్లా పడమటి భాగమున, వానకు ముఖము వాచిన నేలలో ఉన్నవి. మహాత్ములు విచ్చేసి ఆ ఊళ్లను పావనము చేసిరని మనము చెప్పుకొందుము. అది సత్యమే. కాని వచ్చిన మహాత్మునికి ఆ ఊరు ఎట్లు తావిచ్చినది, ఏమి పెట్టినది అను ప్రశ్న మన ప్రవచనములలో అంతగా వినబడదు. ఈ మాసము ఆ ప్రశ్ననే మీ ముందుంచుచున్నాను.

విజయదాసులవారు 1682వ సంవత్సరమున శ్రీనివాసప్ప, కూసమ్మ దంపతులకు జన్మించిరి. చిన్ననాటి పేరు దాసప్ప. ఆ ఇంట లేమి తాండవించెను. యౌవనమున కాశికి పోయిరనియు, పురందరదాసులవారు స్వప్నమున సాక్షాత్కరించి “విజయవిఠల” అను అంకితము ననుగ్రహించిరనియు సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. భృగుమహర్షి అంశమున అవతరించినవారని పెద్దల విశ్వాసము. వారి సుళాదులు నేటికిని మాధ్వగృహములలో నిత్యపారాయణమునకు వచ్చుచున్నవి. ఉత్తనూరు గోపాలదాసులవారు వారి శిష్యులు. మాన్వి జగన్నాథదాసులవారు ఆ పరంపరలోనివారే. కడకు 1755లో, యువనామ సంవత్సర కార్తిక శుద్ధ దశమినాడు, చిప్పగిరిలో హరిపాదములు చేరిరి.

ఇంతవరకు అందఱెఱిగినదే. ఇక ఒక్క క్షణము ఆ దాసవృత్తిని తలపోయుడు. హరిదాసునకు మాన్యములు లేవు, జీతము లేదు. కాలికి గజ్జె, చేత తంబురయు చిడతలు, భుజమున గోపాళబుట్ట. తెలతెలవాఱుచుండగా ఇంటింటిముందు హరినామము పాడవలెను. ఏ ఇల్లాలు గుప్పెడు గింజలు పోసిన అవి హరికి నివేదించి భుజింపవలెను. అడిగి తీసికొనుటకు అధికారము లేదు, రేపటికి దాచుటకు అనుమతి లేదు. అనగా దాససాహిత్యమంతయు ఏ ఇంటనో ఎవరో పోసిన గుప్పెడు జొన్నలమీద నిలిచినది. విజయదాసులవారు రచించిన కృతులు ఇరువదియైదు వేలని లెక్క చెప్పువారు కలరు. గింజల లెక్క చెప్పువారెవరు? ఆ గుప్పెళ్లు పోసిన చేతులకు శాసనము లేదు, శిలాఫలకము లేదు. వానలు తప్పినయేట తమ కుండ అడుగు తడవి, ఉన్న దానిలో దాసునకింత తీసిన తల్లుల పేర్లు ఏ గురుపరంపరలోను కానరావు. చిప్పగిరి మహిమను కీర్తించునప్పుడు ఈ పేరులేని తల్లులను విడిచిపెట్టుట నాకు సమ్మతము కాదు.

పొందినవాడు ఆ పొందిన దానిని ఏమి చేసెను? మోహనదాసులవారి కథ ఇచట చెప్పవలెను. దిక్కులేక, బిడ్డతో సహా ప్రాణములు విడువనెంచిన ఒక తల్లిని విజయదాసులవారు వారించి, తమ ఇంటికి తోడ్కొని వచ్చి, ఆ బిడ్డను కన్నకొడుకువలె పెంచిరని సంప్రదాయము. ఆ బిడ్డయే మోహనదాసులు. ధర్మపత్ని అరళమ్మగారిని ఈ కథలో తలపకుండుట అన్యాయము. రేపటికి గింజలేని ఇంటికి భర్త ఇద్దఱిని వెంటబెట్టుకొని వచ్చినప్పుడు ఆ ఇల్లాలు వాకిట నిలిచి “రండి” అన్నదే, ఆ ఒక్క పలుకు ఎన్ని వ్రతములకు సాటి!

మంచాలలోనిది మఱియొక విధమైన ఆదరము. రాఘవేంద్రస్వాములవారు ఆ స్థలమును కోరినప్పుడు ఆదోని పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ దానిని సమర్పించెనని చరిత్ర చెప్పుచున్నది. అన్యమతస్థుడు, ఆదోనిలో జామియా మసీదు కట్టించినవాడు. ఆయన ఇచ్చిన నేలమీదనే 1671లో స్వాములవారు సజీవముగా బృందావనప్రవేశము చేసిరి. స్వాములవారి దృష్టి స్థలమిచ్చిన ప్రభువుదగ్గఱనే ఆగలేదు. ఆ ఊరి గ్రామదేవత మంచాలమ్మ. తనకంటె ముందునుండి అచట వెలసియున్న ఆ తల్లి అనుమతిని స్వాములవారు వేడిరనియు, “ముందు నా దర్శనము చేసినవారికే నీ దర్శనఫలము” అని తల్లి కోరగా అంగీకరించిరనియు చెప్పుదురు. నేటికిని తెలిసిన యాత్రికులు మొదట మంచాలమ్మకు మ్రొక్కిన పిమ్మటనే బృందావనసన్నిధికి పోవుదురు. ఎంతటి యతీశ్వరుడైనను, కొత్తగా వచ్చిన ఊరిలో ఊరితల్లిని అడిగి కూర్చుండెను. యాత్రకు వచ్చు మనలో కొందఱు ఆ ఊరివారిని దారి చూపు సేవకులవలె పిలుచుట చూచినప్పుడు నాకీ కథ జ్ఞప్తికి వచ్చుచుండును.

ఈ వ్రాయువాడును ఈ సీమకు కొత్తవాడుగా వచ్చినవాడే. పుట్టినది గుంటూరు సీమలోని ఒక చిన్న అగ్రహారమున, చదివినది గురుకులవాసమున, ఉద్యోగము 1985లో ఆదోనికి తెచ్చినది. కాలువ గట్టున పెరిగినవానికి ఇచటి వేసవి ఎట్లుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు. మేము దిగిన వీథిలో నీళ్లు వచ్చుటకు దినము తెలియదు, గంట తెలియదు. మా ఇంట మడి ఆచారము, చంటిబిడ్డ, నా భార్యకు కొత్త ఊరు, ఇచటి కన్నడము కలిసిన తెలుగు సగము అర్థము కాదు. ఎదురింటి ఆమె ప్రత్తి జిన్నింగు మిల్లులో కూలికి పోవునది. తెల్లవాఱుజామున కొళాయి వచ్చినప్పుడు తన బిందెలకంటె ముందు మా బిందె నింపి పెట్టునది. అంతటితో ఆగలేదు. మా ఇంటి పద్ధతి గమనించి, ఆ బిందెను చింతపండుతో తోమి, తడిబట్ట కప్పి, గడప దాటక అరుగుమీద పెట్టి, పిలిచి పోవునది. ఎవరును చెప్పలేదు. తానుగా చూచి నేర్చుకొన్నది. ఒకనాడు నేను ఏమైన తీసికొమ్మని బ్రతిమాలగా, “నీళ్లకు లెక్కేంటికి సామీ, నాదేముండాది అందులో!” అని నవ్వి మిల్లుకు పోయినది.

దానమున ఇది ఒక సూక్ష్మము. తనకు తోచినది ఇచ్చుట ఒకటి. ఎదుటివాని నియమము చెడకుండ ఇచ్చుట వేఱొకటి. చిప్పగిరి ఆరాధనకు వచ్చిన వృద్ధయాత్రికులకు పూర్వము పరిసరగ్రామముల రైతులు వండిన అన్నము కాక బియ్యము, పప్పు, బెల్లము, ఆకుకూర స్వయంపాకముగా ఇచ్చుటలోని మర్మమిదియే. ఆ ఆచారమును వారు పాటింపరు. పాటించువాని మనస్సు నొవ్వకుండ చూచినారు. అట్టి ఆదరమును పొందినవాడు తన ఆచారము గొప్పదనుకొని పొంగుటకు ఏమియు లేదు. అందులో గొప్పతనము వారిదే.

ఇచట ఒక శంక కలుగవచ్చును. “ఆమెకు హరినామము తెలియదు, ఏకాదశి తెలియదు, జ్ఞానపూర్వకముకాని దయ సాధనమగునా?” అని నన్నొక మిత్రుడు, శాస్త్రము చదివినవాడే, సూటిగా అడిగెను. భాగవత తృతీయస్కంధమున కపిలదేవుడు తల్లికి చేసిన బోధను ఆయనకు జ్ఞాపకము చేసితిని. సర్వప్రాణులలోను ఉన్న తన్ను అలక్ష్యము చేసి విగ్రహమును మాత్రము అర్చించువాడు బూడిదలో నేయి పోసినట్లు వ్యర్థుడని భగవంతుడే అచట చెప్పుచున్నాడు. నవమస్కంధములో రంతిదేవుడు నలువదియెనిమిది దినములు ఉపవసించి, కడకు లభించిన భోజనమును ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన అతిథులకు పెట్టి, మిగిలిన గ్రుక్కెడు నీటిని కూడ దప్పిగొన్న చండాలునకు త్రాగనిచ్చెను. వచ్చినవారు ఏమి చదివినవారని ఆ మహారాజు అడుగలేదు. పోనిమ్ము, రంతిదేవుడు రాజు, పురాణమాయనను కీర్తించినది. దినకూలితో బ్రదుకు స్త్రీ, తన వంతు నీటిని పరాయివానికి ముందుగ పట్టి, కీర్తి అను మాటయే తలపక పనికి పోయినది. తూచువాడు శ్రీహరి, నేను తూచను.

మిత్రుడంతటితో విడువలేదు. “స్వతంత్రకర్త శ్రీహరి ఒక్కడే కదా. నీళ్లిచ్చినది ఆయనయే. ఇక ఆమెకు నీవు ఋణపడుట యెక్కడిది?” అనెను. సిద్ధాంతము సరియే; దానిని వాడిన తీరు సరికాదు. శ్రీహరి సర్వత్ర వ్యాపించియున్నను ప్రతిమ యెదుట మనము సాగిలపడుచున్నామా, లేదా? ఆయన ప్రసన్నుడైన అధిష్ఠానము గనుక. దయ చూపిన మానవుడును అట్టి అధిష్ఠానమే. “హరియే ఇచ్చెను” అనుట ఇచ్చినవారి నోట వినయము. పుచ్చుకొన్నవాని నోట అదియే ఎగవేతయగును. ఎదురింటి ఆమె “నాదేముండాది” అన్నది. ఆ మాట ఆమెదే, నాది కాదు.

ఇక ఋణము తీర్చుట. ఇది మన గృహస్థులందఱికి సంబంధించిన సంగతి. పడమటి మండలములలో ఖరీఫు పైరు చేతికి వచ్చినను రాకున్నను, పిమ్మట ఊళ్లకు ఊళ్లు తాళములు వేసికొని కూలికి పోవును. దానిని ఇచట “సుగ్గికి పోవుట” అందురు. ఆలూరు, ఆదోని, చిప్పగిరి ప్రాంతములనుండి కుటుంబములు బిడ్డలతో సహా గుంటూరు సీమకు మిరప కోతలకు, ప్రత్తి తీతలకు తరలిపోవును. చేలగట్లమీద పట్టలు కట్టుకొని మాసములు గడపుదురు. వెంట వచ్చిన బిడ్డల చదువు నడుమనే ఆగును. దాసులవారికి గుప్పెడు గింజలు పోసిన తల్లుల మనుమరాండ్రు, మునిమనుమరాండ్రు వీరిలో ఎందఱో! యాత్రకు మనము వారి ఊరికి పోయినప్పుడు దారి చూపి, నీళ్లిచ్చి, బండిలో చోటిచ్చినవారు, మన ఊరికి వచ్చినప్పుడు ఎవరి అరుగుమీద కూర్చుండగలరు? ఎవరి బావిలో చేద వేయగలరు? మధ్వనవమికి, రామనవమికి వందలమందికి అన్నసంతర్పణ చేయు గృహస్థు, తన చేనిగట్టున ఉన్న పట్టలకు త్రాగునీరు చాలుచున్నదా యని ఒక్కసారి పోయి చూచిన చాలును. సంతర్పణ మానుమనుట లేదు. పంక్తిని చేనివఱకు పొడిగింపుమనుచున్నాను. ఆ బిడ్డలను సమీపమునందలి బడిలో కూర్చుండబెట్టుమని ప్రధానోపాధ్యాయునితో ఒక మాట చెప్పుటకు ధనము కూడ అక్కఱలేదు.

మా అక్కగారు ఇంకను ఆ అగ్రహారమునందే ఉన్నారు. కొన్నియేండ్ల క్రిందట అకాలవర్షము కురిసిన రాత్రి, చేలలోని పట్టలు తడిసినవని విని, పశువులు లేక ఖాళీగా ఉన్న మా కొట్టమును వారికి తెఱపించెను. ఉదయమున ఏ ఊరివారని అడుగగా “ఆదోని కాడ” అనిరట. “మా తమ్ముడు ఆ ఊరి నీళ్లు త్రాగుచున్నాడు, కోతలు ముగియువఱకు ఇచటనే ఉండుడు” అని చెప్పినదట. ఆ యేడు ఉగాదికి సుగ్గినుండి తిరిగి వచ్చిన ఒక పెద్దాయన ఆదోనిలో మా ఇల్లు వెదకుకొనుచు వచ్చెను. అక్కగారు చెప్పిన గుర్తులే ఆయనకు ఆధారము. తలపాగ విప్పి, అందులో మూటగట్టిన ఎండుమిరపకాయలు అరుగుమీద పోసి, “మీ పుట్టినూరి కారము సామీ, అమ్మగారి చేనిదే” అని, మా ఇంటి మంచినీళ్లు త్రాగి, చిప్పగిరి బస్సుకు వేళ అయినదని లేచెను.