ప్రశ్నాధికారము

అడిగినవారికెల్ల క్షణములో సమాధానము దొరకు కాలము వచ్చిన పిదప, అడుగుటకు యోగ్యత యను మాటకు అర్థమేమైనను మిగిలియున్నదా? 2022 నవంబరు నెలాఖరున చాట్‌జీపీటీ లోకమునకు అందినది మొదలు ఈ సందేహము పండితగోష్ఠులలోకంటె ఇంటర్మీడియట్ చదువు పిల్లలున్న ఇండ్లలో ఎక్కువగా వినవచ్చుచున్నది. విజయవాడ అట్టి చదువులకు పెట్టినది పేరు. నలుమూలల జిల్లాలనుండి పిల్లలను తెచ్చి ఇచ్చటి హాస్టళ్లలో చేర్చుట తల్లిదండ్రులకొక వ్రతమైనది. అయినను నేను చెప్పదలచినదానికి ఆ కాలేజీ భవనములకంటె బందరు రోడ్డు ప్రక్కనున్న ఆటోనగరులోని రేకుల షెడ్లే దగ్గఱగా నున్నవి. అచ్చటికి పోవుటకు ముందు ఒక ఆశ్రమమునకు పోయి రావలయును.

అథర్వవేదమునకు చెందిన ప్రశ్నోపనిషత్తులో ఆర్గురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షి కడకు వత్తురు. వారు అక్షరము రాని వారు కారు, బ్రహ్మనిష్ఠులే. అయినను మహర్షి వెంటనే ఉపదేశమునకు దిగలేదు. ఒక సంవత్సరము తపస్సుతోను శ్రద్ధతోను తనయొద్ద గడపిన పిదపనే వారు ప్రశ్నింపవలయుననియు, తనకు తెలిసియున్నచో బదులు చెప్పుదుననియు నియమము పెట్టెను. ఇందు షరతులు రెండు. ఒకటి శిష్యులకు, రెండవది గురువు తనకు తాను పెట్టుకొన్నది. మన పూర్వులు మొదటిదానిని ఎంతగానో పొగడిరి కాని రెండవదానిని అంతగా పట్టించుకొనలేదేమో యని నాకు తోచును. ఆ యేడాదిలో ఏమి జరిగినదో ఉపనిషత్తు చెప్పదు. కాని ఏమి ఫలించినదో ప్రశ్నల వరుసయే చెప్పుచున్నది: ఈ ప్రజలు ఎచ్చటినుండి పుట్టుచున్నారను కబంధి ప్రశ్నతో మొదలై, ప్రాణము, నిద్ర, ప్రణవము అనుచు ఒక్కొక్కటే లోనికి నడచి, షోడశకళలుగల పురుషుడెవ్వడను సుకేశుని ప్రశ్నతో ముగియును. ఒకరి ప్రశ్న నిలిచిన తావుననే మరియొకరి ప్రశ్న మొదలగుచున్నది.

ఆ కడపటి ప్రశ్నకొక పూర్వకథ కలదు. కోసలదేశపు రాజకుమారుడు హిరణ్యనాభుడు ఒకప్పుడు ఇదే ప్రశ్నను సుకేశుని అడిగెను. సుకేశుడు తనకు తెలియదనెను. తెలిసినచో నీకేల చెప్పకుందునని కూడ అనెను. తెలియనిది తెలిసినట్లు పలుకుటకు ఆయన వెఱచెను. రాజకుమారుడు మాటలాడక రథమెక్కి వెడలిపోయెను. ఆనాటి ఆ యెఱుగమిని సుకేశుడు మఱువక, దానినే చేతబట్టుకొని పిప్పలాదుని కడకు వచ్చెను. ఉపనిషత్తంతయు ఒక ‘తెలియదు’ మీదికి చేరి ముగియుచున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఇప్పుడు మన చేతికి వచ్చిన యంత్రమునకు లోపించినది సరిగా ఈ వెఱపే. అది అసంఖ్యాకమైన గ్రంథములను చదివి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుట సంభావ్యమో అంచనా వేయుచు వాక్యములను పేర్చునట్లు నిర్మింపబడినది. అందుచే సత్యమునకును సత్యమువలె వినిపించుదానికిని నడుమ గల అగాధము దానికి అన్ని వేళల కనబడదు. తెలుగులో అది చదివినది ఇంగ్లీషులో చదివినదానికంటె మిక్కిలి తక్కువ గనుక మన విషయములలో తడబాటు మరింత హెచ్చు. అడిగిన ప్రశ్నలోనే తప్పున్నచో ఆ తప్పును సరిదిద్దుటకు మారుగా దానికి తలయూచుట దాని కొక దుర్గుణము. కాటన్ దొర ప్రకాశం బ్యారేజీని ఏ సంవత్సరమున కట్టించెనని ఒక బాలుడు అడిగెననుకొందము. కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైనది. అది 1952లో తెగిపోగా బ్యారేజీ 1957లో సిద్ధమైనది. కాటన్ 1899లోనే గతించెను. ప్రశ్నయే పొసగనిది. యంత్రము ఒకప్పుడు ఈ పొరపాటును చూపవచ్చును, ఒకప్పుడు నిశ్చింతగా ఒక సంవత్సరమును చేతిలో పెట్టవచ్చును. పిప్పలాదుడు తనకు తాను పెట్టుకొన్న ‘తెలిసియున్నచో’ అను షరతు ఈ గురువునకు లేదు. ఆ షరతును ఇప్పుడు శిష్యుడే తన ప్రశ్నలో చేర్చవలసి వచ్చినది: నా ప్రశ్నలో తప్పున్నచో ముందు అది చెప్పుము, నిశ్చయముగా తెలియనిచోట తెలియదనుము, అని. చేర్చినంత మాత్రమున యంత్రమునకు వెఱపు కలుగదు, నిజమే; పాఠ్యపుస్తకముతో సరిచూచుకొను భారము తొలగదు. అయినను అడిగినవాని మనస్సునకైనను మెలకువ కలుగును.

ఇక ఆటోనగరు. లారీ వచ్చి షెడ్డు ముందు ఆగును. డ్రైవరు దిగి “బండి లాగట్లేదు మేస్త్రీ” అనును. అంతకంటె అతనికి తెలియదు. తెలిసినచో ఇచ్చటికేల వచ్చును? మేస్త్రి పానా ముట్టడు. “ఎప్పట్నుంచి? లోడు మీదా, ఖాళీ మీదా? పొగ నల్లగా వస్తందా, నీలంగా వస్తందా? ఈ మధ్య పంపు ఎవరన్నా విప్పారా?” అని వరుసగా అడుగును. పొగ నల్లనిదైనచో గాలి చాలకయో డీజిలు ఎక్కువయ్యో సరిగా మండుట లేదు. నీలమైనచో ఇంజనాయిలు కాలుచున్నది, రింగులో లైనరో అరిగినవని అనుమానింపవలయును. డ్రైవరు తనకు తెలిసినవని తానే యెఱుగని సంగతులు ఆ నాలుగు ప్రశ్నలకు అతని నోటనే బయటపడును. మఱియొకమాఱు వచ్చునపుడు అతడే “లోడు మీద ఘాటెక్కేప్పుడు నల్లపొగ వస్తంది మేస్త్రీ” అని మొదలుపెట్టును. అతడు మెకానిక్కు కాలేదు, అడుగుట నేర్చినాడు.

మన యంత్రము సాధారణముగా ఈ మేస్త్రివలె ఎదురు ప్రశ్న వేయదు. బండి లాగట్లేదనగానే ఇంజనంతయు విప్పి ముందు కుప్పపోయును. నా యెఱుకలో ఆటోనగరులో లేతు మీద పనిచేయు ఒకాయన కుమార్తె ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరము చదువుచున్నది. తండ్రి ఫోనులో ఆమె మొదట అడిగినది ఇది: “కార్నో ఇంజను గురించి ఎనిమిది మార్కుల జవాబు రాయి.” జవాబు నిండుగా వచ్చినది, నోటుబుక్కులోనికి దిగినది. దక్షత నూటికి నూరుపాళ్లు ఏల కారాదని లెక్చరరు అడిగినపుడు మాత్రము నోట మాట లేదు. కొన్నాళ్లకు ఆమెయే వ్రాసిన మరియొక ప్రశ్నను నాకు చూపినది: “నేను ఇంటర్ ఫస్టియర్. సమోష్ణోగ్రత, స్థిరోష్ణక ప్రక్రియలు అర్థమయ్యాయి. దక్షత సూత్రం కూడా వచ్చు. కానీ అది రెండు ఉష్ణోగ్రతల మీదే ఎందుకు ఆధారపడుతుందో తెలియట్లేదు. జవాబు చెప్పొద్దు. ఒక్కో ప్రశ్న అడుగు, నేను చెప్పింది తప్పయితే ఎక్కడ తప్పో చూపించు.” దానికి యంత్రము, ఉష్ణాశయములు రెండును ఒకే ఉష్ణోగ్రతలో నున్నచో ఇంజను ఎంత పని చేయునని తిరిగి అడిగినది. ఆ పిల్ల కొంతసేపు ఆలోచించి, సున్న యని వ్రాసినది. అచ్చటినుండి దారి దొరికినది.

ఈ రెండవ ప్రశ్నలోని విశేషము మాటల నేర్పు కాదు. ప్రాంప్టులు వ్రాయు చిట్కాలని బజారులో చెప్పునవి, యంత్రమును ‘నీవు గొప్ప ప్రొఫెసరువు’ అని సంబోధింపుమనుట మొదలైనవి, నాకు అంతగా రుచింపవు. భట్రాజు పొగడ్తలకు ప్రభువు కరగవచ్చును గాని భౌతికశాస్త్రము కరగదు. ఆ బాలిక తనకు తెలిసినదెంతవరకో గీత గీచి, ఆ గీతకు ఆవలనున్న ఒక్క అడుగును మాత్రమే అడిగినది. ఆ గీత గీచుకొనుటకై పాఠమును రెండుసార్లు చదువక తప్పలేదు. పిప్పలాదుని యాశ్రమములో ఏడాది పట్టినది ఇచ్చట ఒక సాయంకాలము పట్టినది. కాలము తగ్గినది కాని తపస్సు తపస్సే. అధికారమనగా కులము కాదు, వయస్సు కాదు, ర్యాంకు అసలే కాదు; తన అజ్ఞానపు సరిహద్దును తాను చూచియుండుట.

ఎగువన కృష్ణ యొడ్డున అమరావతి స్తూపము నీడలో శతాబ్దములపాటు భిక్షువులు చర్చించిన బౌద్ధము ఈ విషయమున మరింత సూక్ష్మముగా పోయినది. ప్రశ్నలు నాలుగు విధములని తథాగతుని బోధ: సూటిగా బదులు చెప్పదగినవి, విభజించి చెప్పదగినవి, ఎదురు ప్రశ్నతో తేల్చదగినవి, ప్రక్కన పెట్టదగినవి. అన్నింటికిని ఒకే విధముగా బదులు చెప్పు గురువు ఆయన దృష్టిలో వాదమునకు తగినవాడు కాడు. సంవత్సరములు, సూత్రములు, పేరులు మొదటి కోవకు చెందును. వాటికి పాఠ్యపుస్తకము చాలును. పిల్లలు యంత్రముతో గడపదగినది మూడవ కోవలో. తయారుచేసినవారికే ఈ సంగతి తోచినట్లున్నది. 2025 జూలైలో చాట్‌జీపీటీకి స్టడీ మోడ్ అను పద్ధతిని చేర్చి, జవాబు ఒక్కసారిగా గుమ్మరింపక మెట్టు మెట్టుగా ప్రశ్నించునట్లు చేసిరి. మంచిదే. కాని దానిని ఆపివేయుటకు ఒక్క వ్రేలు చాలును గనుక, నియమపాలన తిరిగి శిష్యునిమీదనే పడినది.

సమిధలు మోయక పోయిననేమి, జవాబు సరియైనచో చాలదా యను వాదము కలదు. పరీక్షకు చాలును. యంత్రము వ్రాసియిచ్చినదానిని తనదని సంతకము చేయువాడు మాత్రము హిరణ్యనాభుని యెదుట సుకేశుడు చేయ నొల్లని పనినే చేయుచున్నాడు. దానికి యంత్రము సాక్షియే గాని దోషి కాదు.

కనుక అధ్యాపకులకొక మనవి. ఇంటిపని దిద్దునపుడు పిల్లవాడు వ్రాసిన జవాబుతోపాటు యంత్రమును అతడు అడిగిన ప్రశ్నలను కూడ వరుసగా వ్రాసి తెమ్మనుడు; పది మార్కులలో నాలుగైనను ఆ ప్రశ్నలకే వేయుడు.