పీతల తొట్టికి మూత

అమ్మలూ, వైల్డ్‌వుడ్ బోర్డ్‌వాక్ మీద కొనుక్కున్న రెండు హెర్మిట్ పీతలకు నీ చేత్తోనే మూత చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం, చెయ్యి తల్లీ. కాకపోతే ఆ మూత ఎందుకో ముందు తెలుసుకో.

అవి పారిపోకుండా అని నువ్వు అనుకుంటున్నావు. అదీ నిజమే. మూలల్లో సిలికోన్ అతుకో థర్మామీటరు తీగో దొరికితే చాలు, పైదాకా పాకేస్తాయి. అయితే మూతకు అంతకంటే పెద్ద పని ఉంది. నేల మీద తిరిగే పీతలే అయినా ఇవి ఊపిరి తీసుకునేది మొప్పలతో. అవి తడిగా ఉన్నంతసేపే పనిచేస్తాయి. తొట్టిలో గాలి తేమ 75 నుంచి 85 శాతం ఉండాలి. పాపం అవి పుట్టింది కరేబియన్ తీరాల చెమ్మగాలిలో. ఇళ్లలో పుట్టి పెరిగినవి కావు, దాదాపు అన్నీ తీరం నుంచి పట్టి తెచ్చినవే. మీ న్యూజెర్సీలో చలికాలం హీటర్ వేశారంటే ఇంట్లో గాలి పెదవులు పగిలేంత ఎండిపోతుంది. ఆ గాలిలో పీత ఒక్కరోజున చావదు. వారాల తరబడి కొద్దికొద్దిగా ఊపిరాడక పోతుంది. నోరులేని ప్రాణి, నీకు చెప్పుకోలేదు.

అందుకే తీగల బోను వద్దు. తొట్టితో జాలీ మూత వచ్చి ఉంటే, అసలు మూత తయారయ్యేదాకా దాని మీద వంటింటి ప్లాస్టిక్ పరిచి, జాడీకి వాసెన కట్టినట్టు బిగించు.

అసలు మూతకు గాజే మేలంటాను. అక్రిలిక్ తేలిక, కోయడం సులువు, అందుకే అందరూ దానికే మొగ్గుతారు. కానీ లోపలివైపు చెమ్మ పీల్చి, పైవైపు పొడిగా ఉండి, కొన్నాళ్లకు వంగిపోతుంది. అంచున సందు పడుతుంది. ఆ సందులోంచి తేమా పోతుంది, పీతా పోతుంది.

పది గ్యాలన్ల తొట్టి బయటి కొలత సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. మూత కూర్చునేది లోపలి గట్టు మీద కదా, ఆ కొలత నువ్వే టేపుతో తియ్యి. పొడవులో, వెడల్పులో 3 మిల్లీమీటర్లు తగ్గించి కోయించు. రెండు ముక్కలుగా చేయించి మధ్యలో ప్లాస్టిక్ మడతబందు పెడితే ముందు సగమే ఎత్తి తిండీ నీళ్లూ పెట్టొచ్చు. రోజూ అలా తెరిచినప్పుడు లోపలి గాలి మారుతుంది, అది చాలు. వెనక ఒక మూల కాస్త కొట్టించు, తీగలు పట్టేంతే. మామూలు గాజే అడుగు. టెంపర్డ్ గాజును కోయబోతే మొత్తం పొడిపొడి అవుతుంది.

పిడి ప్లాస్టిక్‌దే అంటించు. ఇత్తడి, రాగి సామాను తొట్టి దరిదాపుల్లోకి రానివ్వకు, రాగి పీతలకు విషం. అంటించడానికి బూజు పట్టకుండా మందు కలిపిన సిలికోన్ కొనకు. అంటించిన మూతను తొట్టి మీద పెట్టకుండా కనీసం రెండు రోజులు బయట ఆరనివ్వు. సిలికోన్ నుంచి వచ్చే వెనిగర్ వాసన పూర్తిగా పోవాలి.

మూత మీద వేడి దీపం పెట్టకు, తేమంతా లాగేస్తుంది. హీట్ ప్యాడ్ అయితే వెనక గోడకు, ఇసుక మట్టానికి పైన బయటివైపు అంటించాలి.

ఇంకొకటి. ఎప్పుడో ఒక పీత ఇసుకలోకి దూరి వారాల తరబడి కనపడదు. చచ్చిపోయిందని తవ్వేవు! కుబుసం విడుస్తూ ఉంటుంది. అప్పుడు దాన్ని కదిపితే నిజంగానే పోవచ్చు. నువ్వు చేయగలిగింది మూత బిగువుగా ఉంచడం, ఇసుక ఆరకుండా చూడడం, అంతే.

కొలతలు తీశాక కాగితం మీద రాసి నాకు పంపు, చూసి చెప్తాను. గాజు కొట్టుకు నాన్నను తీసుకెళ్లు, అంచులు అక్కడే సానబట్టించండి. అవి నున్నబడేదాకా నువ్వు చెయ్యి పెట్టకు.