ఆపమనడానికి అందరూ

శివరాత్రి వెళ్ళిన వారానికి కీసరలో మా పిన్నిగారింటికి వెళ్ళాను. గుట్ట మీద రామలింగేశ్వరుణ్ణి ఈసారైనా తీరిగ్గా చూడాలని. జాతర రోజుల్లో వెళితే దేవుడి కంటే ముందున్నవాళ్ళ వీపులే ఎక్కువ కనబడతాయి కదా! దర్శనం బాగానే అయింది. కానీ నా మనసులో మిగిలిపోయింది మాత్రం పిన్నిగారింటి ఎదురుగా కడుతున్న మేడ దగ్గరి క్రేను.

డాబా మీద కాఫీ తాగుతూ చూస్తున్నాను. కింద ఒకాయన చూపుడువేలు ఆకాశానికి పెట్టి చిన్న చిన్న సున్నాలు చుడుతున్నాడు. ఇనుప ఊచల కట్ట పైకి లేస్తోంది. వేలు నేలకి తిప్పి చుడితే దిగుతోంది. సైగ చేసే చేతి పైన రెండో చెయ్యి కదలకుండా పెడితే మెల్లిగా అని. చెయ్యి పక్కకి చాపి, అరచెయ్యి కిందకి ఉంచి అటూ ఇటూ ఊపితే ఆపమని. ఆ మోతలో మాట వినబడదు కనుక ఈ మూగభాష.

ఉన్నట్టుండి ఇసుక మోస్తున్న ఒకావిడ తట్ట కింద పడేసి రెండు చేతులూ చాపి ఊపేసింది. క్రేను ఠక్కున ఆగింది. కట్ట ఓ పక్కకి ఒరుగుతోందట. దింపి, సరిగ్గా కట్టి, మళ్ళీ ఎత్తారు. ఆవిణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఉండబట్టలేక కిందకి వెళ్ళి ఆ సైగలాయన్ని అడిగాను.

"నీ సైగే కదయ్యా క్రేను వినాలి? మధ్యలో ఆపడానికి ఆమె ఎవరు?"

"ఎత్తు అనెటందుకు నేనొక్కన్నే అమ్మా. ఆపు అనెటందుకు అందరున్నరు. నేను కండ్లకు కనబడకపోయినా ఆపాల్సిందే" అన్నాడు.

తర్వాత చదివి చూస్తే అమెరికాలో 2010లో చేసిన క్రేన్ల నిబంధనల్లోనూ అదే మాట. ఆపమన్న సైగ ఎవరు చేసినా ఆపరేటరు పాటించి తీరాలి. సైగలు అందకుండా పోతే పని ఆపెయ్యాలి.

అంటే చూడండి, అక్కడ మౌనమంటే "ఆగు" అని అర్థం. మన ఇళ్ళల్లో మౌనం అర్ధాంగీకారం!

ముప్ఫై ఏళ్ళ క్రితం మా అక్క పెళ్ళిచూపుల్లో, "పిల్లవాడు నచ్చాడా?" అని మామ్మ అడిగితే అక్క తల వంచుకుంది. సిగ్గన్నారు. ఆ రాత్రి అక్క దిండులో మొహం దాచుకుని ఏడవడం చూసింది నేనొక్కదాన్నే. "ఆపండి" అని నేను అనలేదు. పెద్దవాళ్ళ మధ్య నేనెవరిని అనుకున్నాను. పైగా ముహూర్తం దగ్గర పడుతోంది. ముహూర్తం ఎవరి కోసం ఆగుతుంది? కాశీ నుంచి లింగం తేవడానికి వెళ్ళిన హనుమంతుడి కోసమే రాముడు ఆగలేదనీ, ఆలస్యంగా వచ్చిన ఆయన కోపంతో తెచ్చిన లింగాలన్నీ విసిరేశాడనీ కీసరగుట్ట స్థలపురాణం.

అక్క కాపురం బాగానే చేసిందని అందరూ అంటారు. అక్క మాత్రం ఇంతవరకూ ఆ మాట అనలేదు.

అందరూ ఆపమంటే ఇల్లు లేస్తుందా అని మీరు అడగొచ్చు. "ఆడపిల్ల చదువు ఆపెయ్యండి" అన్నవాళ్ళూ ఆపమన్నవాళ్ళే కదా! నేనూ చాలాసేపు ఆలోచించాను. క్రేను దగ్గర ఆపడమంటే చూసుకునేదాకా ఆగడం. బాగుందనుకుంటే మళ్ళీ ఎత్తుతారు. పొరపాటున ఆపితే పోయేది పది నిమిషాలు, పొరపాటున ఎత్తితే పోయేది కింద ఉన్నవాళ్ళ ప్రాణం. చదువు ఆపమన్నవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టనివ్వరు. బరువూ వాళ్ళ నెత్తిన పడదు. ఎత్తించడానికి పనితనం కావాలి. ఆపడానికి కళ్ళుంటే చాలు. ఆ కళ్ళు బరువు కింద నిలబడ్డవాళ్ళవైతే, వాళ్ళ మాటే ముందు వినాలి.

ఆ రాత్రి అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, ఆ రోజు నేను ఆపమని ఉంటే?"

అవతల మాట లేదు. ఈసారి ఆ మౌనాన్ని నేను దేనికీ అంగీకారంగా తీసుకోలేదు. అక్క మాట్లాడేదాకా ఆగాను.