ఆ వైరస్ ఎవరిది?

విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారొకరు. విశాఖలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా పనిచేస్తున్న ఆయన మేనకోడలు. ఇద్దరూ నా కల్పనే. వాళ్లు మాట్లాడుకునే జబ్బు, దాని లెక్కలు మాత్రం కల్పన కాదు. సాయంత్రం పూట, అయ్యకోనేరు గట్టు అనుకోండి. ఘంటసాల, సుశీల చదువుకున్న ఊళ్లో గొంతు సంగతి ఎత్తితే మాట తొందరగా తెగదు.

మేష్టారు: నీ వార్డులో ఆ ఐదేళ్ల కుర్రాడికి ఇన్నేసి ఆపరేషన్లేమిటే అమ్మాయ్? ఒక్కసారే మొదలంటా తీసి పారెయ్యకూడదా?

డాక్టరు: మొదలంటూ ఒకచోట ఉంటే కదా మావయ్యా! అవి స్వరపేటికలో మొలిచే పులిపిర్లు. పాపిలోమాలంటాం. మైక్రోస్కోపు పెట్టి చూస్తే లేత గులాబీ రంగులో, చిన్న సీతాఫలం తొక్కలా బుడిపెలు కనిపిస్తాయి. హెచ్‌పీవీ వైరస్‌లో 6, 11 రకాలు చేసే పని. మొదట ఏడుపు బొంగురుపోతుంది. "ఏడిసి ఏడిసి గొంతు పోనాది" అనుకుని ఊరుకుంటారు. తర్వాత ఊపిరి తీస్తుంటే చప్పుడు. ఉబ్బసమేమో అనుకుని నెబ్యులైజర్ పెట్టించుకుంటూ నెలలు గడిచాక మా దగ్గరికొస్తారు. బుడిపెల్ని తీసేస్తాం. కానీ పక్కన నున్నగా, ఆరోగ్యంగా కనిపించే పొరలో కూడా వైరస్ ఉంటుంది. దాన్ని కత్తి తియ్యలేదు, లేజరూ తియ్యలేదు. మళ్లీ మొలుస్తాయి.

మేష్టారు: ఇంకాస్త లోతుగా కోస్తే?

డాక్టరు: మచ్చ కట్టి స్వరతంత్రి బిగుసుకుపోతుంది. రెండు తంత్రులూ ముందువైపు కలిసే మూల ఉంది చూడండి, అక్కడ మరీ ఇబ్బంది. రెండు పక్కలా ఒకేసారి గీరితే పుండూ పుండూ అంటుకుపోయి మధ్యలో పొర కట్టేస్తుంది. అందుకే ఒక పక్క కొంచెం కావాలనే ఉంచేస్తాం. ముందు ఊపిరి, తర్వాత గొంతు, ఆ తర్వాతే బుడిపెలు.

మేష్టారు: అంటే రోగం ఉందని తెలిసి తెలిసి లోపల ఉంచి పంపిస్తున్నారు. దాన్ని వైద్యమనే అంటారా?

డాక్టరు: మొత్తం తీసెయ్యాలన్న పంతంతో కోస్తే పోయేది గొంతే మావయ్యా. కొందరు పిల్లలకి పెద్దయ్యేసరికి దానంతటదే నెమ్మదిస్తుంది. అప్పటిదాకా ఆ తంత్రుల్ని కాపాడుకుంటూ రావాలి.

ఇక్కడ నేను డాక్టరు పక్షమే. ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడం కూడా పనితనంలో భాగమే. ఆ సంగతి మేష్టారికీ తెలుసు, ఒప్పుకోడంతే.

మేష్టారు: సరే, పసివాడికి ఎక్కణ్ణుంచి అంటుకుంది?

డాక్టరు: ఎక్కువగా కాన్పప్పుడు, తల్లి నుంచి. తొలిచూలు బిడ్డ, చిన్న వయసు తల్లి, మామూలు కాన్పు. ఈ మూడూ కలిసినచోట ఎక్కువగా చూస్తాం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది.

మేష్టారు: ఆ తల్లికి చెప్పావా?

డాక్టరు: చెప్పబోతుంటే అత్తగారు అందుకుంది. "ఎవలి వల్ల వొచ్చినాదమ్మా ఇది?" అంది. వైరస్ వల్ల అన్నాను. "ఆ వైరస్ ఎవలిది?" అంది. మొగుడు చెన్నైలో తాపీ పనికి వెళ్తాడు. కోడలు తలెత్తలేదు.

మేష్టారు: అడిగినదాంట్లో తప్పేముంది? కారణమే కదా అడిగింది.

డాక్టరు: కారణాన్ని కాదు, ముద్దాయిని అడిగింది. కాపురం చేసేవాళ్లలో ఏదో ఒక రకం హెచ్‌పీవీ ఎప్పుడో ఒకప్పుడు తగలనివాళ్లు తక్కువ. చాలామందికి గుర్తే కనిపించదు, ఒంట్లోంచి దానంతటదే పోతుంది. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో తవ్వితే తేలేది ఏమీ ఉండదు, కాపురం కూలడం తప్ప. డెన్మార్క్‌లో లెక్క తీశారు. జననాంగాల దగ్గర పులిపిర్లు ఉన్న తల్లుల కాన్పుల్లో కూడా వెయ్యికి ఏడుగురు పిల్లలకే ఈ జబ్బు వచ్చింది. తల్లే కారణమైతే తక్కిన 993 మందికీ రావాలి కదా?

మేష్టారు: కారణం ఉన్నచోట కార్యం ఉండాలి, లేనిచోట ఉండకూడదు. అన్వయ వ్యతిరేకాలు. నీ లెక్కలో అన్వయం తప్పింది, ఒప్పుకున్నాను. కానీ తల్లి లేకపోతే ఆ వైరస్ వాడికి తగిలేదే కాదుగా?

డాక్టరు: తల్లి లేకపోతే వాడే లేడు మావయ్యా! సిజేరియన్ చేసినా రాదన్న హామీ లేదు. ఇంకేం చేసుండాలి ఆవిడ?

మేష్టారు: తప్పు ఎవరిదీ కాదంటే బాధ్యత కూడా ఎవరికీ లేనట్టేనా? అలా వదిలేస్తే నాకు మింగుడు పడదు.

డాక్టరు: ఉంది. వెనక్కి వెతికితే దొరకదు, ముందుంది. హెరాల్డ్ జుర్ హౌజెన్ అని జర్మన్ శాస్త్రవేత్త, 2008లో నోబెల్ వచ్చింది. ఆయన బృందం 11వ రకాన్ని పట్టుకుంది స్వరపేటిక పులిపిరిలోనే. దాన్ని ఆనవాలుగా పెట్టుకుని వెతికితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 16, 18 రకాలు బయటపడ్డాయి, 1983లో ఒకటి, 1984లో ఒకటి. ఇలాంటి గొంతుల్లోంచి దొరికిన దారే టీకా దాకా వెళ్లింది. ఆస్ట్రేలియాలో 2007 నుంచి ఆడపిల్లలకి వేశారు. దేశం మొత్తమ్మీద పిల్లల్లో కొత్త కేసులు 2012లో ఏడు, 2016లో ఒక్కటి. ఆ ఐదేళ్లలో జబ్బు వచ్చిన పిల్లల తల్లులెవరూ గర్భానికి ముందు టీకా వేయించుకున్నవాళ్లు కారు. మనదేశంలో తయారైన సెర్వావాక్ టీకాలో కూడా 6, 11 ఉన్నాయి. 16, 18 మాత్రమే ఉన్న టీకాతో ఈ గొంతు పులిపిర్లకి లాభం లేదు.

మేష్టారు: టీకా అనగానే నాకు ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో ఉమ్మడి రాష్ట్రమే. హాస్టళ్లలో గిరిజన పిల్లలకి ఈ సూదులే వేశారు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపించారు.

డాక్టరు: కొందరు పిల్లలు చనిపోయారు, దానికి టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది.

మేష్టారు: సూది మంచిదే అయ్యుండొచ్చు. సంతకం దొంగది. 2013లో పార్లమెంటు సంఘం కూడా ఆ సంగతే గట్టిగా అడిగింది. ఎవరి మేలు కోసం చేస్తున్నారో వాళ్లనే అడక్కపోతే, అదీ నీ వార్డులో అత్తగారి లాంటి పెత్తనమే. ఆవిడ కోడలి తరఫున తీర్పు చెప్పింది, వీళ్లు పిల్లల తరఫున ఒప్పేసుకున్నారు. పైగా నువ్వడిగేది చిన్న సంగతి కాదు. ఇంకా పుట్టని బిడ్డ గొంతు కోసం పద్నాలుగేళ్ల పిల్ల చెయ్యి చాపాలి!

డాక్టరు: బిడ్డ కోసమే కాదు, ముందు తన కోసం. క్యాన్సర్ రాకుండా. బిడ్డ గొంతు ఆ పైన లాభం. ఖమ్మం విషయంలో మాత్రం మీ మాట కాదనలేను. అప్పుడు పోగొట్టుకున్న నమ్మకానికి ఇప్పటికీ మేం జవాబు చెప్పుకుంటున్నాం.

మేష్టారు: మరి ఇప్పుడున్న కుర్రాడికి?

డాక్టరు: 2025 ఆగస్టులో అమెరికాలో ఒక ఇంజెక్షన్‌కి అనుమతి ఇచ్చారు. వైరస్ మీదికి ఒంటినే ఉసిగొల్పుతుంది. 35 మంది పెద్దవాళ్ల మీద పరీక్షిస్తే 18 మందికి ఏడాదిపాటు ఆపరేషన్ అక్కర్లేకపోయింది. అది పెద్దవాళ్లకే. మా వాడికి వచ్చే నెల మళ్లీ థియేటరే.

మేష్టారు: మా మనవరాలికి పద్నాలుగు నిండాయి. ఈ టీకా గురించి నన్నేదో అడిగింది. నాకు తెలిసింది చెప్పాను, నమ్మలేదు.

డాక్టరు: ఏమడిగింది?

మేష్టారు: మగపిల్లలకెందుకు వెయ్యరు అని.

డాక్టరు: ఆస్ట్రేలియాలో 2013 నుంచి వేస్తున్నారు. ఆదివారం తీసుకురండి. వదిననీ రమ్మనండి, సంతకం ఆవిడది కదా.