గిన్నె అడుగు చూసి కొను తల్లీ

బుజ్జీ,

నువ్వు ఫోనులో పంపిన ఫొటో చూశాను. 14 పీసుల స్టీలు సెట్టు, తళతళా మెరిసిపోతోంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. అయినా కొనకు తల్లీ. ఆ డబ్బుకి మూడో నాలుగో మంచి గిన్నెలు వస్తాయి. మీ ఇద్దరి కాపురానికి ముందు అవే చాలు. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను, ఓపిగ్గా చదువు. మీ తాతయ్య చర్లలో పాత్రల కొట్టు నడిపినన్నాళ్లూ గల్లా దగ్గర కూర్చున్నదాన్ని. ఏ గిన్నె ఏడాది తిరక్కుండా సొట్టలు పడి పాత సామాన్ల తూకానికి వచ్చేదో, ఏ గిన్నె తల్లి నుంచి కూతురికి వెళ్లేదో కళ్లారా చూశాను.

ముందు ఆ 14 లెక్క చూద్దాం. ఫొటో పెద్దది చేసి చూస్తే అందులో మూతలే అయిదు ఉన్నాయి. గరిటెలు మూడు. ఇక మిగిలిన ఆరింటిలో సగం పావుకేజీ వంకాయలు పట్టని బుల్లి గిన్నెలు. నువ్వు రోజూ పొయ్యి మీద పెట్టేవి రెండో మూడో ఉంటాయి, తక్కినవన్నీ అటక మీదికే. పైగా బరువు ఎంతో ఎక్కడా రాయలేదు. మన కొట్లో స్టీలు సామాను తూకం వేసే అమ్మేవాళ్లం. ఒకే కొలత ఉన్న రెండు తపేలాలు పక్కపక్కన పెట్టి తూస్తే ఒకటి రెండో దానికి రెట్టింపు తూగేది. కొనేవాళ్లు పైమెరుపు చూసి తేలికదాన్నే ఎత్తుకుపోయేవాళ్లు. మెరుపు పాలిష్‌ది, తల్లీ. పల్చటి రేకుని కూడా అద్దంలా మెరిపించవచ్చు.

స్టీలుకున్న అసలు లోపం వేడి పాకకపోవడం. అల్యూమినియం దీనికంటే సుమారు పదిహేను రెట్లు, రాగి పాతిక రెట్లు బాగా వేడిని పాకిస్తాయి. పల్చటి స్టీలు గిన్నెలో పప్పు పెట్టి చూడు, మంట తగిలిన మేర గుండ్రంగా అడుగంటుతుంది, అంచుల దగ్గర పప్పు ఇంకా పలుకుగానే ఉంటుంది. దానికి వంట మనిషిని తిడతారు. తప్పు గిన్నె అడుగుది.

మరి సిల్వరు గిన్నెలే, అంటే అల్యూమినియంవే, నయం కదా అంటావేమో. వేడి వరకు నిజమే. కానీ మన ఇంట్లో పులుపు లేని పూట ఉందా? ఎండాకాలం చింతచిగురు, వానాకాలం గోంగూర, గోదావరి చేప దొరికితే చింతపండు పులుసు. పులుపుకీ ఉప్పుకీ అల్యూమినియం కరుగుతుంది. రాత్రి పులుసు సిల్వరు గిన్నెలో వదిలేస్తే తెల్లారేసరికి లోపల నల్లబడి, గరుకుగా చేతికి తగులుతుంది చూడు. అదీ సంగతి. ఇత్తడికి కళాయి ఉంటేనే పులుపు వండాలి, కళాయి పెట్టేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లోకి ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. స్టీలు ఇక్కడే గెలుస్తుంది. అందులో క్రోమియం ఉంటుంది, అది గాలి తగలగానే కంటికి కనపడనంత పల్చటి పొరగా మారి కింది లోహాన్ని కాపాడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తనే మళ్లీ ఏర్పడుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన 1913లో తుపాకీ గొట్టాల కోసం అరిగిపోని ఉక్కు వెతుకుతూ ఈ రకం ఉక్కును పోతపోశాడు. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో స్టీలు బిందె ఉన్న ఇల్లంటే కలిగినవాళ్ల ఇల్లు. 1981లో తమిళనాట సేలం స్టీలు ప్లాంటు మొదలయ్యాక ఆ రేకు మన దేశంలో విరివిగా దొరకసాగింది, పెళ్లి సారెల్లోకి స్టీలు వరసలు వరసలుగా వచ్చింది.

అంచేత మనకు కావలసింది లోపల స్టీలు, మధ్యలో అల్యూమినియం. ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. గిన్నె అడుగున మాత్రమే అల్యూమినియం బిళ్ల పెట్టి, కింద మళ్లీ స్టీలు కప్పింది ఒకటి. దాన్ని శాండ్‌విచ్ బాటమ్ అంటారు. రెండోది ట్రైప్లై, అంటే అడుగు నుంచి అంచు దాకా మూడు పొరలూ కలిసే ఉంటాయి. సేల్స్‌మన్ అన్నీ ట్రైప్లైలోనే కొనమంటాడు. అక్కర్లేదు. అన్నం, పప్పు, చారు నీళ్లతో ఉడికేవి. నీళ్లే వేడిని గిన్నెంతా తిప్పుతాయి కాబట్టి అడుగు మందంగా ఉంటే చాలు. వేపుళ్లు చేసే మూకుడు మాత్రం ట్రైప్లైదే కొను. అందులో కూర పక్కగోడలకి కూడా తగులుతుంది. అడుగు ఒక్కటే మందంగా ఉన్న మూకుడులో బిళ్ల ఎక్కడ ఆగిందో అక్కడ వలయంలా మాడుతుంది. మంచి ట్రైప్లై మూకుడు మందం 2.5 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది.

ఇప్పుడు రకం. 304 అని గానీ 18/8 అని గానీ ముద్ర ఉన్నది చూడు. నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ అని దాని అర్థం. నికెల్ ఖరీదైన లోహం. దాన్ని సగానికి సగం తగ్గించి మాంగనీసు కలిపితే 202 రకం అవుతుంది. మంచినీళ్ల గ్లాసులకీ పళ్లేలకీ అది పర్వాలేదు, రోజూ ఉప్పూ పులుపూ మరిగే గిన్నెకి మాత్రం నేను ఒప్పుకోను. కొంతమంది అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోకపోతే మంచి స్టీలని చెప్తారు. నమ్మకు. 304కీ అంటుకోదు, 202కీ అంటుకోదు. అయస్కాంతం పనికొచ్చేది గిన్నె కింద. అడుగు బయటివైపు గట్టిగా అంటుకుంటే కరెంటు ఇండక్షన్ పొయ్యి మీద కూడా ఆ గిన్నె పనిచేస్తుంది. అక్కడ పెట్టేది 430 రకం, అందులో నికెల్ దాదాపు ఉండదు. 316 అని ఇంకా ఖరీదైనది చూపిస్తారు. ఇంటి వంటకి దాని అవసరం లేదు.

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. స్టీలు పాత్రల ప్రమాణం సంఖ్య ఐఎస్ 14756. ఆ ముద్ర ఉందో లేదో చూసుకుని, రకం రాసిన బిల్లు అడిగి తీసుకో. పాత బట్టలకి స్టీలు గిన్నెలిస్తామని వీధిలో తిరిగేవాళ్ల దగ్గర డబ్బాలు, ప్లేట్లు తీసుకుంటే తీసుకో, వంటగిన్నె మాత్రం వద్దు.

ఇక మన చర్లలో ఉండేవాళ్లకే ముఖ్యమైన మాట ఒకటుంది, అది ఏ కంపెనీ పుస్తకంలోనూ రాయరు. గ్యాసు పొయ్యి ఒక్కటే నమ్ముకుని గిన్నె కొనకు. భద్రాచలం ఇక్కడికి 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గోదావరి పొంగితే దారి మునుగుతుంది, సిలిండరు రాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ఆ రోజులు నీకూ గుర్తే. గాలివాన వస్తే కరెంటు పోతుంది. అప్పుడు పెరట్లో కట్టెల పొయ్యే దిక్కు. మీ ఇద్దరూ ఉద్యోగాలకి పోయే హడావుడిలో ఇండక్షన్ పొయ్యి కూడా కొంటారు. మూడింటి మీదా నిలిచే గిన్నె కావాలి. కాబట్టి ప్లాస్టిక్ పిడులు వద్దు, కట్టెల మంట తగిలిందంటే కాలి కమురు వాసన కొడతాయి. రెండు వైపులా స్టీలు చెవులే ఉండాలి. గాజు మూత వద్దు, స్టీలు మూతే తీసుకో. కట్టెల పొయ్యి మీద పెట్టే ముందు అడుగుకి బయటివైపు తడి బూడిదో బంకమట్టో పల్చగా పూస్తే, దించాక మసి దానితోపాటే కడుక్కుపోతుంది. మా అమ్మ ఇత్తడి గిన్నెలకి చేసిన పనే ఇది, స్టీలుకీ అంతే.

ఆ చెవుల గురించి ఇంకో ముక్క. చేప పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టకూడదని నీకు తెలుసు, ముక్క చిదురవుతుంది. గిన్నెని రెండు చెవులూ పట్టుకుని ఎత్తి, గుండ్రంగా ఆడించాలి. రెండు కేజీల పులుసు చేతుల్లో తిరుగుతున్నప్పుడు చెవి ఊడితే ఏమవుతుందో ఊహించుకో. అంచేత కొట్లో చెవిని బొటనవేలితో గట్టిగా వంచి చూడు. పల్చటి రేకుకి చిన్న చుక్క వెల్డింగుతో అతికిన చెవి కదులుతుంది. రివెట్లు కొట్టినది గట్టిగా ఉంటుంది, లోపల మేకుతలల చుట్టూ జిడ్డు చేరుతుంది కాబట్టి తోమేటప్పుడు అక్కడ కాస్త శ్రద్ధ పెట్టాలి. వేలితో అంచు చుట్టూ తడిమి చూడు, కోసేలా ఉంటే పక్కన పెట్టెయ్. గచ్చు మీద పెట్టి ఒక అంచు నొక్కు, ఊగితే అడుగు సమంగా లేదు. కింద వేలి గణుపుతో కొట్టు. పల్చటిది ఖంగుమని మోగుతుంది, మంచి అడుగు మొద్దుగా ‘టప్’ అంటుంది. కొట్టువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకు. నేను గల్లాలో కూర్చున్నప్పుడు ఇలా చూసుకునే కొనేవాళ్లంటే నాకు గౌరవం.

ఏవేం కొనాలి? గంజి వార్చుకునే అలవాటు మనది, అరకేజీ బియ్యానికి 5 లీటర్ల వెడల్పు గిన్నె ఒకటి, మూత అంచుకి అతుక్కుని కూర్చోవాలి. పులుసుకీ పప్పుకీ 3 లీటర్లది, లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. వానాకాలం సంతలో వెదురు కొమ్ములు తెచ్చినప్పుడు ముందు నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తాం కదా, దానికీ పనికొస్తుంది. 24 సెంటీమీటర్ల మూకుడు. పాలకీ చారుకీ 2 లీటర్లది. ఒకేసారి కొనక్కర్లేదు, మూకుడు ఈ నెల, తక్కినవి నెలనెలా. అట్ల పెనం మాత్రం ఇనుపదే ఉంచుకో, నా పాతది ఇస్తాను. ఆవకాయ సంగతి అడగకుండానే చెప్తున్నా, స్టీలు డబ్బాలో ఏడాది పాటు పెట్టకు. అంత ఉప్పూ పులుపూ అన్నాళ్లు నిలిస్తే మంచి స్టీలుకైనా గుంటలు పడతాయి, జాడీయే దానికి చోటు.

వాడకం మొదట్లో కొంచెం చిరాకు పెడుతుంది. నాన్‌స్టిక్‌కి అలవాటుపడ్డ చెయ్యి కదా నీది. మూకుడు మధ్యరకం సెగ మీద పెట్టి, కాసేపయ్యాక నాలుగు నీటిచుక్కలు చిలకరించు. సుయ్‌మని ఆవిరైపోతే ఇంకా కాగలేదు. చుక్క ముత్యంలా గుండ్రమై అటూఇటూ పరుగెడితే అప్పుడు సెగ కాస్త తగ్గించి నూనె వెయ్యి. చేపముక్క వేశాక వెంటనే కదపకు. కింద ఎర్రగా వేగాక తనంతట తనే వదులుతుంది, అంతకుముందు గీకితే సగం మూకుడుకే ఉంటుంది. మంట ఎప్పుడూ అడుగు దాటి పక్కలకి రానివ్వకు. ఉప్పు చల్లటి నీళ్లలో వేసి వదిలేయకు, అడుగున పేరుకున్నచోట చిన్నచిన్న మచ్చలు పడి ఇక పోవు. నీళ్లు మరిగాక వేసి కలుపు.

మాడితే కంగారు పడొద్దు. గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు వంటసోడా వేసి కాసేపు మరిగించి, చల్లారాక కొయ్యగరిటెతో తోస్తే ఊడొస్తుంది. ఇనుప పీచు వాడకు, దాని నలుసులు స్టీలులో ఇరుక్కుని అవే తుప్పు పడతాయి, స్టీలే తుప్పు పట్టిందని మనం అనుకుంటాం. బ్లీచింగ్ పౌడరు దగ్గరికి రానివ్వకు. బోరునీళ్ల తెల్లమచ్చలకీ, ఎక్కువ కాగినప్పుడు వచ్చే నీలం రంగుకీ పులుసు పిండేసిన చింతపండు పిప్పి చాలు.

పేరు కొట్టించుకోవాలని నీకు ఉంటుంది, నాకు తెలుసు. కొట్టించుకో. కొట్లో కుర్రాడు అలవాటుగా గిన్నె లోపలే చెక్కబోతాడు, వద్దను. ఆ గీతల్లో పదార్థం ఇరుకుతుంది. బయటివైపు, అంచుకి రెండు వేళ్ల కింద చెక్కమను. మీ ఆయన పేరు, ఇంటిపేరు కొట్టించమంటారు, నువ్వు మాత్రం నీ పేరే కొట్టించు. వండేది ఇద్దరూ అయితే ఇద్దరి పేర్లూ కొట్టించు. వచ్చే ఆదివారం భద్రాచలం వెళ్లేటప్పుడు బస్సెక్కే ముందు ఇటు వచ్చి నన్నూ వెంట తీసుకెళ్లు, కొట్టువాడితో బేరం నేను చేస్తాను.

మీ అమ్మమ్మ